మూపు మీద మ్యాపున్న గుర్రం

ప్రశ్న: నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాను. 1986 ప్రాంతంలో నేను ఆరో తరగతి. మా అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. రాత్రి భోజనాలయ్యాక ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కథ మాత్రం తెలుగులో చెప్పేది. వాటిలో రెండు గుర్రాల పుస్తకాలు నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మొదటిదాంట్లో తండ్రి లేని అమ్మాయి, వాళ్లమ్మ కథలు రాస్తుంది, ఇంట్లో డబ్బుండదు. చక్రాల కుర్చీలో ఉండే ఒకాయన ఆ అమ్మాయికి స్వారీ నేర్పుతాడు. చివర్లో జింఖానాకి వెళ్లి ఎర్ర రిబ్బను గెలుస్తుంది. గుర్రం తెల్లదని గుర్తు. రెండోదాంట్లో అడవి గుర్రాలు సముద్రం ఈదుతాయి. ఒక గుర్రప్పిల్ల ఒంటి మీద మ్యాపు ఉంటుంది. అది మునిగిపోతుంటే ఒకతను నీళ్లలోకి దూకి కాపాడతాడు. ఒడ్డుకు రాగానే అతన్ని ఎవరో తుపాకీతో కాల్చేస్తారు. ఆ రాత్రి నేను చాలా ఏడ్చాను. పుస్తకం చివర ఏదో విదేశీ చిరునామా ఉండేది, ఉత్తరం రాద్దామనుకున్నాం. ఇప్పుడు అక్కనడిగితే ఏమీ గుర్తులేదంటోంది. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఇక్కడ స్వారీ నేర్చుకుంటోంది. "ఎర్ర రిబ్బనంటే రెండో బహుమతి, నీ కథలో పిల్ల ఓడిపోయిందమ్మా" అంటోంది. పేరు తెలియక నెట్‌లో ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. ఒక పుస్తకం అట్ట ఎర్రగా, దళసరిగా ఉండేది. లోపల ఎక్కడో 3/6 అని ఉండేది. వీటిని పట్టుకోవడం ఎలా?

జవాబు:

అమ్మా,

మీరు అడిగినవి రెండు పుస్తకాలు. నా లెక్కలో అవి మూడు. మూడింటి జాడా మీ ఉత్తరంలోనే ఉంది.

మొదటిది దాదాపు ఖాయంగా రూబీ ఫెర్గూసన్ రాసిన 'జిల్స్ జింఖానా'. 1949లో ఇంగ్లండులో వచ్చింది. తండ్రి పోయాక జిల్ అనే అమ్మాయి తల్లితో కలిసి చాటన్ అనే పల్లెకు వచ్చి చిన్న ఇంట్లో కాపురం పెడుతుంది. తల్లి పిల్లల కథలు రాసి ఇల్లు గడుపుతుంది. చుట్టుపక్కల పిల్లలకు గుర్రాలున్నాయి, జిల్‌కి లేదు. చివరికి ఒక గుర్రం చేతికొస్తుంది గానీ దాన్నెక్కడం రాదు. యుద్ధంలో విమానం నడిపి, దెబ్బతిని, చక్రాల కుర్చీకే పరిమితమైన మార్టిన్ లో అనే యువకుడు ఆ అమ్మాయికి స్వారీ నేర్పుతాడు. మీరు రాసిన దానితో పక్కపక్కన పెట్టి చూడండి.

మీ గుర్తులన్నిటిలోకీ విలువైనది ఆ చక్రాల కుర్చీ. డబ్బులేని పిల్ల, గుర్రం, పోటీ, గెలుపు అని వెతికితే ఇంగ్లండులో ముప్ఫై నలభై ఏళ్లపాటు వచ్చిన 'పోనీ' (చిన్న జాతి గుర్రం) కథలు గుట్టలుగా వచ్చి పడతాయి. ఆ కథలన్నిటికీ నడక ఒకటే. కుర్చీలో కూర్చున్న గురువు అంటే మాత్రం నాకు ఈ పుస్తకం ఒక్కటే తడుతుంది. పాత పుస్తకం కోసం వెతికేవాళ్లు మొదట కథ చెప్పడానికి చూస్తారు. కథ కంటే, కథలో ఇలా విడ్డూరంగా పొడుచుకొచ్చిన చిన్న వస్తువును పట్టుకోవాలి. కుర్చీ, చిరునామా, మ్యాపు: మీ ఉత్తరంలో అలాంటివి మూడున్నాయి. అందుకే నాకు ధైర్యం వచ్చింది.

ఇక జింఖానా. పరేడ్ గ్రౌండ్స్ పక్కన జింఖానా మైదానం చూస్తూ పెరిగిన పిల్లకు, కథలో అమ్మాయి గుర్రమెక్కి జింఖానాకి వెళ్లిందంటే మన మైదానమే కళ్ల ముందుకొచ్చి ఉంటుంది. అది తప్పేమీ కాదు. ఆ మాట పుట్టింది మన దేశంలోనే. హిందుస్తానీలో గేంద్ ఖానా అంటే బంతులాడే చోటు. అది ఇంగ్లీషువాళ్ల నోట పడి, వాళ్ల జిమ్నాస్టిక్స్‌లోని 'జిమ్'తో కలిసిపోయి జింఖానా అయిందంటారు. 1861లో రూర్కీలో ఆ మాట వాడినట్టు పాత ఆంగ్లో ఇండియన్ నిఘంటువు హాబ్సన్ జాబ్సన్ చెబుతుంది. మన దగ్గర అది క్లబ్బుగా, క్రికెట్ మైదానంగా స్థిరపడింది. ఓడెక్కి ఇంగ్లండు వెళ్లాక పిల్లలు గుర్రాల మీద ఆడే ఆటల పోటీ అయింది. గుర్రం మీద కూర్చుని పాతిన గుంజల మధ్య వంకరటింకరగా పరుగెత్తించడం, గోనెసంచి పందెం, చెంచాలో గుడ్డు పెట్టుకుని పోవడం, అలాంటివి. మీ చెవిన పడిన ఆ ఒక్క మాటే ఆ పుస్తకం బ్రిటన్‌దై ఉంటుందని సూచిస్తోంది. అమెరికా పిల్లల కథైతే చాలావరకు 'హార్స్ షో' అనో 'రోడియో' అనో ఉండేది.

దీంతోపాటే మీ అమ్మాయి పేచీ కూడా తీరిపోతుంది. ఆమె చెప్పింది తన చోట నిజం. అమెరికాలో మొదటి బహుమతికి నీలం రిబ్బను, రెండోదానికి ఎరుపు. బ్రిటన్‌లో ఇది తిరగబడి ఉంటుంది: మొదటిది ఎరుపు, రెండోది నీలం. మూడోది రెండు చోట్లా పసుపే. కాబట్టి జిల్ ఓడిపోలేదని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. నలభై ఏళ్లుగా మీరు గెలుపనుకున్నది గెలుపే. వాళ్లు దాన్ని రిబ్బను అనరు, 'రోజెట్' అంటారు. పట్టీని పువ్వులా మడతలు పెట్టి కుట్టి, కింద రెండు తోకలు వదులుతారు. వెతికేటప్పుడు రిబ్బను అన్నచోట ఈ మాట వేస్తే బ్రిటిష్ పుస్తకాలు ముందుకొస్తాయి. పాత గుర్రాల కథ ఏ దేశానిదో తేలకపోతే నేను మొదట అడిగేది ఇదే: ఏ రంగు వచ్చినప్పుడు పిల్ల ఎగిరి గంతేసింది?

తెల్ల గుర్రం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. 'జిల్స్ జింఖానా'లో గుర్రం పేరు బ్లాక్ బాయ్. ఇది చూసి, అయితే మా పుస్తకం ఇది కాదేమోనని మీరు వెనక్కి తగ్గకండి. సికింద్రాబాద్‌లో ఆరో తరగతి పిల్ల దగ్గర్నుంచి చూసే గుర్రం ఏది? పెళ్లి బరాత్‌లో పెట్రోమాక్స్ లైట్ల మధ్య, నుదుటిన కుచ్చులతో, పెళ్లికొడుకుని మోస్తూ నడిచే తెల్ల గుర్రం. అక్క చీకట్లో 'గుర్రం' అనగానే మీ మనసు తన దగ్గరున్న గుర్రాన్ని తెచ్చి కథలో కట్టేసింది. వినికిడి మీద దాచుకున్న కథల్లో రంగుల్ని ఎప్పుడూ చివర్లో నమ్మాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పుస్తకాన్ని ఎన్నోసార్లు వేశారు, తర్వాతి ముద్రణల్లో కొన్నిటిలో గుర్రం పేరు కూడా మార్చారు. అందుకని మీ చేతికొచ్చిన ప్రతిలో బ్లాక్ బాయ్ కనబడకపోయినా కంగారు పడొద్దు. మార్టిన్ ఉన్నాడా, కుర్చీ ఉందా, అది చూడండి.

రంగుల మాటొచ్చింది కాబట్టి, మీలాగే వెతుకుతున్న మిగతా పాఠకులకు కూడా పనికొస్తుందని చెబుతున్నాను. గుర్రాలవాళ్ల ఇంగ్లీషులో తెల్ల గుర్రాన్ని వైట్ అనడం అరుదు. చూడ్డానికి మల్లెపువ్వులా ఉన్నా 'గ్రే' అనే అంటారు, ఎందుకంటే వాటిలో చాలావరకు ముదురు రంగులో పుట్టి, ఏటేటా వెంట్రుక తెల్లబడుతూ వచ్చినవే. మనం గోధుమ రంగు అని సరిపెట్టుకునే గుర్రం వాళ్లకు రెండు రకాలు. ఒళ్లు గోధుమ, జూలూ తోకా కాళ్ల కిందిభాగం నలుపైతే 'బే'. ఒళ్లూ జూలూ అంతా ఎర్రగా ఒకే ఛాయలో ఉంటే 'చెస్ట్‌నట్'. నలుపు తెలుపు మచ్చలైతే 'పైబాల్డ్', తెలుపులో గోధుమ మచ్చలైతే 'స్క్యూబాల్డ్'. ఈ రెండింటినీ అమెరికాలో 'పింటో' అనేస్తారు. 'వైట్ పోనీ' అని కొడితే దొరకని పుస్తకం 'గ్రే పోనీ' అంటే దొరకడం నాకు అనుభవమే.

ఇంకో ప్రశ్న కూడా ముందే వేసుకోవాలి: కథ చెప్పేది ఎవరు? గుర్రం తన కథ తానే చెప్పుకుంటుంటే అది ఒక వంశం. అన్నా సూయల్ 1877లో రాసిన 'బ్లాక్ బ్యూటీ' దానికి పెద్దదిక్కు. యజమానులు మారుతూ ఉంటారు, గుర్రం కష్టాలు పడుతూ ఉంటుంది. 1936లో జోవాన్నా కానన్ 'ఎ పోనీ ఫర్ జీన్' రాసి గుర్రం బదులు పిల్లను మధ్యలో నిలబెట్టింది. ఆమె ముగ్గురు కూతుళ్లు, పులైన్ థాంప్సన్ అక్కచెల్లెళ్లు, పెరిగి పెద్దయి అదే దారిలో డజన్ల కొద్దీ రాశారు. పిల్ల 'నేను, నా గుర్రం' అని చెబుతుంటే ఈ రెండో వంశంలో వెతకాలి. జిల్ తన కథ తానే చెబుతుంది. అందులో మంచి కొంటెతనం ఉంటుంది, అది అక్కగారి నోట తెలుగులో ఎలా పలికిందో వినాలనిపిస్తోంది నాకు.

ఎర్ర దళసరి అట్ట గురించి. మా ఊరి శాఖా గ్రంథాలయంలో చిన్నప్పుడు చదివిన ఒక పుస్తకం కోసం నేను ఎన్నో ఏళ్లు 'ఎర్ర అట్ట, ఎర్ర అట్ట' అని దుకాణాల్లో అడుగుతూ తిరిగాను. తీరా దొరికితే అసలు అట్ట పచ్చది. ఎరుపు బైండరుది. గ్రంథాలయాల్లో నలిగిన పుస్తకాన్ని బైండింగుకి పంపితే, దళసరి అట్టవేసి పైన ఎర్రదో ఆకుపచ్చదో క్యాలికో గుడ్డ అంటించి, అంచులు కోసి, వీపు మీద తెల్ల రంగుతో పేరు రాసి పంపేవారు. ఒక బీరువా నిండా అన్నీ ఒకే రంగు. స్కూలు లైబ్రరీల్లోనూ అంతే. కాబట్టి ఎరుపు అన్న గుర్తును పక్కన పెట్టేయండి, అది పుస్తకానిది కాదు, బడిది. బైండర్లు చాలాసార్లు పాత కాగితం అట్టను తీసేయకుండా లోపల ఉంచి కుట్టేవారు. మీరు 'లోపల ఎక్కడో' 3/6 చూశానన్నది దానికి సరిపోతుంది.

ఆ 3/6 తేదీ కాదు, భిన్నం కాదు. మూడు షిల్లింగుల ఆరు పెన్నీలు, ధర. బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతికి మారింది, ఆ తర్వాత షిల్లింగు లెక్క పోయింది. కాబట్టి మీ అక్క చేతిలోని ప్రతి అంతకుముందు అచ్చయినది. మీరు కథ విన్నది 1986లో కాబట్టి అది అప్పటికే కనీసం పదిహేనేళ్ల పాతది. అందుకే బైండింగుకి కూడా వెళ్లింది. అలాంటి ప్రతే కావాలంటే, అమ్మేవాళ్లను ధర ఎలా అచ్చయి ఉందో ఫొటో తీసి పంపమనండి.

ఇక రెండో పుస్తకం. నాకు ఎక్కువ ఇష్టంగా అనిపించింది ఇదే.

సముద్రం ఈదే అడవి గుర్రాలు, ఒంటి మీద మ్యాపు. ఇది మార్గరీట్ హెన్రీ రాసిన 'మిస్టీ ఆఫ్ షింకటీగ్', 1947లో అమెరికాలో వచ్చింది. వర్జీనియా తీరానికి దగ్గర్లో అస్సటీగ్ అనే దీవి ఉంది, దాని మీద అడవి గుర్రాలు తిరుగుతాయి. పక్కనే షింకటీగ్ దీవి, అక్కడ మనుషులుంటారు. ఏడాదికోసారి జూలైలో అస్సటీగ్ గుర్రాలను తోలుకొచ్చి, రెండు దీవుల మధ్య నీటిపాయను ఈదించి, కొన్ని పిల్లల్ని వేలం వేస్తారు. ఆ డబ్బు అక్కడి స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి వెళ్తుంది. కథలో పాల్, మౌరీన్ అనే అన్నాచెల్లెళ్లు తాతా బామ్మల దగ్గర పెరుగుతూ, ఎవరికీ చిక్కని ఫాంటమ్ అనే ఆడగుర్రం కోసం డబ్బు కూడబెడతారు. ఆ ఏడాది ఫాంటమ్ తన పిల్లతో సహా చిక్కుతుంది. ఆ పిల్లే మిస్టీ. దాని మూపు మీద తెల్ల మచ్చ అమెరికా మ్యాపులా ఉంటుంది. మీకు ఏ దేశం మ్యాపో గుర్తులేదు, మ్యాపు ఉందని మాత్రం గుర్తుంది. అది చాలు.

పాయ ఈదేటప్పుడు మిస్టీ నీళ్లలో తడబడితే పాల్ పడవలోంచి దూకి దాని తల నీళ్లపైన పట్టుకుని ఒడ్డుకు చేరుస్తాడు. మీ ఉత్తరంలో దూకిన మనిషి ఇతనే. కానీ పాల్‌ని ఎవరూ కాల్చరు. ఆ పుస్తకంలో అలాంటి ఘట్టమే లేదు. చివర్లో ఫాంటమ్ తిరిగి తన దీవికి వెళ్లిపోతుంది, గుండె బరువెక్కుతుంది, అంతే.

మరి తుపాకీ ఎక్కడిది? ఇక్కడ మీ విదేశీ చిరునామా సాయం చేసింది. మిహయీల్ షోలొఖోవ్ 1926లో రాసిన కథ ఒకటుంది, దాని పేరుకు 'గుర్రప్పిల్ల' అని అర్థం. రష్యా అంతర్యుద్ధం. త్రోఫిమ్ అనే ఎర్రసైనికుడి గుర్రం యుద్ధం మధ్యలో ఈనుతుంది. దళంలో గుర్రప్పిల్ల ఉంటే ఇబ్బంది, దాన్ని కాల్చెయ్యమని పై అధికారి చెబుతాడు. త్రోఫిమ్‌కి చేతులు రావు. తర్వాత దోన్ నది దాటుతుంటే పిల్ల సుడిలో చిక్కి అరుస్తుంది. త్రోఫిమ్ దానికోసం ఈదుకుంటూ వెళ్తాడు. అవతలి గట్టు మీద శత్రువులు కాల్పులు ఆపి చూస్తారు. అతను పిల్లను గట్టుకి చేరుస్తాడు. అప్పుడు ఒక్క తూటా పేలుతుంది. మీరు ఆ రాత్రి ఏడ్చింది ఈ కథకి.

మీ తరానికి సోవియట్ పుస్తకాలు గుర్తుండే ఉంటాయి. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లోనూ, ఊరూరా తిరిగే వాళ్ల వ్యానులోనూ, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ, రెండు మూడు రూపాయలకే మంచి కాగితం మీద దొరికేవి. వాటి చివరి పేజీల్లో చాలావాటికి ఒక విన్నపం ఉండేది: ఈ పుస్తకం అనువాదం గురించి, ముద్రణ గురించి మీ అభిప్రాయం రాయండి, అని. కింద జుబోవ్‌స్కీ బులెవార్డ్, మాస్కో అన్న చిరునామా. పిల్లలు దాన్ని చూసి నిజంగా ఉత్తరం రాద్దామనుకునేవారు. మాస్కో నుంచి జవాబొస్తుందన్న ఊహే ఒక పండగ. అమెరికా పుస్తకం చివర అలాంటి విన్నపం ఉండదు. అక్కా మీరూ ఉత్తరం రాద్దామనుకున్నది మాస్కోకని నా నమ్మకం.

రెండు కథలూ ఒకదాన్నొకటి ఎందుకు అతుక్కున్నాయో తేలిగ్గానే తెలుస్తుంది. రెండింట్లోనూ నీళ్లు, మునిగే పిల్ల, దూకే మనిషి. చెప్పింది ఒకే గొంతు, ఒకే మంచం మీద, బహుశా ఒకే వేసవి సెలవుల్లో. పేర్లు మీకు పరాయివి, అవి ముందు జారిపోయాయి. నీళ్లు మిగిలాయి. మీ జ్ఞాపకం చెడిపోలేదమ్మా, రెండు కథల్నీ భద్రంగా పెట్టింది, కాకపోతే ఒకే పెట్టెలో పెట్టింది. నాకొచ్చే ఉత్తరాల్లో 'ఎంత వెతికినా దొరకని పుస్తకం' అన్నవాటిలో ఇలాంటివి తరచూ ఉంటాయి. ఏ పుస్తకంలోనూ ఈ గుర్తులన్నీ కలిసి ఉండవు కాబట్టి ఏ వెతుకులాటకీ చిక్కవు. గుర్తుల్ని విడివిడి చీటీల మీద రాసి, ఒకదానితో ఒకటి పడనివాటిని వేరు చేస్తే దారి కనబడుతుంది. గుర్రప్పిల్లల వేలం ఉన్న ఊళ్లో యుద్ధం ఎందుకొచ్చింది అని ఒక్కసారి అడిగితే చాలు.

ఇంకో అవకాశం కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మీరు విన్నదాంట్లో కొంత అక్క సొంతం కూడా కావచ్చు. పదహారేళ్ల పిల్ల, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెబుతోంది. ఒక మాట అర్థం కానిచోట ఆగిపోదు కదా, అల్లుకుపోతుంది. చెల్లెలు ఏడుస్తుంటే ముగింపు మార్చే అక్కలుంటారు, ఇంకాస్త ఏడిపించే అక్కలూ ఉంటారు. కాబట్టి పుస్తకాలు తెప్పించుకున్నాక ఏదైనా దృశ్యం కనబడకపోతే, వేరే ముద్రణలో ఉందేమోనని మళ్లీ వెతుకులాట మొదలుపెట్టకండి. అది అచ్చులో ఎప్పుడూ లేకపోయి ఉండొచ్చు.

అక్కకి గుర్తులేదన్నారు. అడిగే తీరు మార్చి చూడండి. 'ఆ పుస్తకం పేరేంటక్కా' అంటే ఎవరికైనా గుర్తు రాదు. 'కుర్చీలో కూర్చున్న మార్టిన్ నీకు నచ్చాడా' అని అడగండి. 'మాస్కోకి ఉత్తరంలో ఏం రాద్దామనుకున్నాం' అని అడగండి. మీరు తప్పుగా చెబితే ఆమె దిద్దుతుంది, పెద్దవాళ్ల జ్ఞాపకం దిద్దేటప్పుడే బాగా కదులుతుంది. వీలైతే వీడియో కాల్‌లో జిల్ పుస్తకం పాత ప్రతుల బొమ్మలు చూపించండి, పేర్లు చెప్పకుండా. మొదటి ముద్రణలకు బొమ్మలు వేసింది కేనీ, ఆ సంతకం బొమ్మల మీద కనబడుతుంది. మిస్టీ బొమ్మలు వెస్లీ డెన్నిస్‌వి. కళ్లు గుర్తుపట్టేది నోటికి రాకపోవచ్చు.

ఇక చేతికి తెచ్చుకోవడం. మిస్టీకి మీరు కష్టపడక్కర్లేదు, అది అమెరికాలో ఇప్పటికీ అచ్చులో ఉంది. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ పిల్లల విభాగంలో అడగండి, అక్కడ లేకపోతే ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించే ఏర్పాటు ఉంటుంది. ఆ దీవి పేరును షింకటీగ్ అని పలుకుతారు గానీ స్పెల్లింగ్ 'సి', 'హెచ్'తో మొదలవుతుంది, 'ఎస్'తో వెతికితే రాదు. ఆ గుర్రాలు ఈదేది మామూలుగా జూలై నెలాఖరులో ఒక బుధవారం. న్యూజెర్సీ నుంచి కారులో వెళ్లగలిగిన దూరమే. మీ అమ్మాయి స్వారీ నేర్చుకుంటోందంటున్నారు కాబట్టి చెప్పాను. జనం విపరీతంగా వస్తారు, ముందే చూసుకోవాలి.

జిల్ పుస్తకాలు అమెరికాలో అంతగా కనబడవు, బ్రిటన్ పాత పుస్తకాల దుకాణాల నుంచి తెప్పించుకోవడమే మేలు. ఎడిన్‌బరోలోని ఫిద్రా బుక్స్ వాళ్లు వీటిని మళ్లీ వేశారు, ఆ ప్రతులూ వాడినవి దొరుకుతుంటాయి. మొత్తం తొమ్మిది పుస్తకాలు, 1949 నుంచి 1962 దాకా. కొన్నిటికి పేర్లు మార్చారు: 'జిల్ ఎంజాయ్స్ హర్ పోనీస్', 'జిల్ అండ్ ది రన్అవే' రెండూ ఒకటే. 'పోనీ జాబ్స్ ఫర్ జిల్', 'ఛాలెంజెస్ ఫర్ జిల్' కూడా ఒకటే. ఒకే పుస్తకాన్ని రెండుసార్లు కొనకండి. కొనేముందు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పుస్తకాల లోపలి మాటల్ని వెతికే సౌకర్యం వాడి, మార్టిన్ పేరు, జింఖానా కలిపి వేసి చూడండి. ఏదైనా పేజీ కనబడితే అదో కాదో మీకే తెలిసిపోతుంది.

షోలొఖోవ్ కథ విడిగా దొరకడం కష్టం. 'దోన్ కథలు' అన్న సంపుటిలో చూడండి, ఇంగ్లీషులో దాన్ని 'ది కోల్ట్' అనీ 'ది ఫోల్' అనీ రెండు రకాలుగా అనువదించారు. ఇంట్లో పాత పుస్తకాలు ఇంకా ఉంటే, సోవియట్ పుస్తకాలేవైనా కలిసి ఉంటాయేమో అక్కని చూడమనండి. హైదరాబాద్ వచ్చినప్పుడు ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లండి. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద ఇప్పటికీ పరుస్తారు, సోవియట్ ప్రతులు అప్పుడప్పుడూ కనబడతాయి. అమ్మేవాళ్లకి పేరు చెబితే లాభం లేదు, 'రష్యా పుస్తకాలు' అంటే తీసి చూపిస్తారు. ఏది తీసినా ముందు చివరి పేజీ తిప్పండి.

ఒక్క మాట. మిస్టీ, జిల్ మీ అమ్మాయికి హాయిగా ఇవ్వొచ్చు. షోలొఖోవ్ కథ మాత్రం ముందు మీరొక్కరే చదవండి. అక్క మీకు చెప్పినప్పుడు ఆ చివరి తూటాని కొంత మెత్తబరిచి ఉంటుంది, అచ్చులో ఆ మెత్తదనం లేదు. మీ అమ్మాయికి వినిపించాలనుకుంటే మీ అక్కలాగే పుస్తకం ఒళ్లో పెట్టుకుని తెలుగులో చెప్పండి.

నాకు తేలనిది ఒకటి మిగిలింది. మీరు ఎర్ర రిబ్బను గురించి మాత్రమే రాశారు. పసుపు రిబ్బను వచ్చి పిల్ల గుర్రం మెడ పట్టుకుని ఏడ్చిన ఘట్టం ఏదైనా అక్క చెప్పిందా? చెప్పి ఉంటే జిల్ పక్కన ఇంకో పుస్తకం కూడా కలిసి ఉంటుంది, అది పులైన్ థాంప్సన్ అక్కచెల్లెళ్లలో ఒకరిది కావచ్చు. అక్కతో మాట్లాడాక రాయండి, కలిసి వెతుకుదాం.